బిట్‌ఎక్స్ (రేడియో)

బిట్‌ఎక్స్ అనేది హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన ట్రాన్స్‌సీవర్ల వరుస. ట్రాన్స్‌సీవర్ అనగా ప్రసారం, గ్రహణం రెండూ చేయగల యంత్రం. ఔత్సాహిక రేడియో వారు, అనగా హామ్‌లు, దీనిని ఇంటివద్దనే నిర్మించుకొనవచ్చును. 2000 దశకపు తొలి సంవత్సరాలలో వెలువడిన మొదటి నమూనాలో ప్రధానంగా ట్రాన్సిస్టర్లు, తీగచుట్టలు వంటి సాధారణ విడిభాగాలే ఉండేవి. 2022లో వచ్చిన ఎస్‌బిట్‌ఎక్స్ మాత్రం సాఫ్ట్‌వేర్ రేడియో.

మొదటి నమూనా

విదేశీ కర్మాగారాలలో తయారైన సెట్ల ధర, దానిపై దిగుమతి సుంకం కలిసి భారతీయ విద్యార్థికి అందుబాటులో ఉండేవి కావు. విదేశీ పత్రికలలోని సర్క్యూట్లను చూసి కట్టుకుందామన్నా, అవి కోరే ప్రత్యేకమైన ఫెర్రైటు వలయాలు ఇక్కడి బజారులో దొరకడం కష్టం. బిట్‌ఎక్స్ ఈ చిక్కును సూటిగా ఎదుర్కొన్నది. ఇందులో తీగను కుళాయి వాషర్లపై చుట్టారు. ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ బేలన్ కోర్లు వాడారు. ఒకే యాంప్లిఫయరు వరుస గ్రహణంలో ఒక దిశగాను, ప్రసారంలో ఎదురు దిశగాను పనిచేయడం వలన విడిభాగాల సంఖ్య బాగా తగ్గింది. శక్తి సుమారు 6 వాట్లు మాత్రమే. అయినను 14 మెగాహెర్ట్జ్ వద్ద అయనోవరణం అనుకూలించిన వేళ ఇతర ఖండాలతో మాట్లాడటానికి ఇది చాలును.

దీని ప్రధాన లోపం ఆసిలేటరు. తీగచుట్ట, కెపాసిటరు వేడెక్కిన కొద్దీ ఫ్రీక్వెన్సీ మెల్లగా జారిపోయేది. 2017లో వచ్చిన మైక్రో బిట్‌ఎక్స్‌లో ఆర్డువీనో నడిపే ఒక చిప్పు ఈ పనిని చేపట్టడంతో ఆ బాధ తీరింది. ఇది 3 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది. అయితే దీని బోర్డు భాగాలు అమర్చియే వస్తుంది. కనుక దీనిని స్వయంకృత పరికరమనవచ్చునా అని కొందరు హామ్‌లు ప్రశ్నిస్తారు. సర్క్యూటు, ప్రోగ్రాము రెండూ బహిరంగంగా లభిస్తున్నందున వాటిని మార్చుకొనే అవకాశం మిగిలే ఉన్నది. ఈ ప్రశ్నకు అదే సరైన సమాధానం.

సాఫ్ట్‌వేర్ రేడియో

సాధారణ రేడియోలో వడపోత, ధ్వనిని వేరుచేయడం వంటి పనులను విడిభాగాలు చేస్తాయి. సాఫ్ట్‌వేర్ రేడియోలో సంకేతాన్ని సంఖ్యలుగా మార్చి ఆ పనులన్నీ గణితంతో చేస్తారు. కంప్యూటరు సౌండు కార్డుతోనే దీనిని సాధించవచ్చునని 2002లో అమెరికాకు చెందిన జెరాల్డ్ యంగ్‌బ్లడ్ క్యూఈఎక్స్ పత్రికలో వివరించారు. ఎస్‌బిట్‌ఎక్స్‌లో సెకనుకు 96,000 నమూనాలు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు చేరుతాయి. మాటకు సుమారు 2,400 హెర్ట్జ్, మోర్సు సంకేతాలకు 500 హెర్ట్జ్ వెడల్పు గల వడపోత కావాలి. పూర్వం దీనికి రెండు వేర్వేరు స్ఫటిక ఫిల్టర్లు అవసరమయ్యేవి. ఇక్కడ ప్రోగ్రాములో ఒక సంఖ్యను మార్చితే సరిపోతుంది.

అంతమాత్రాన టంకం పని తప్పిపోలేదు. ఏంటెన్నా నుండి వచ్చినదంతా నేరుగా సంఖ్యలుగా మార్చితే, పక్కనున్న బలమైన స్టేషను మార్పిడి చిప్పును నింపివేస్తుంది. అలా పోయిన బలహీన సంకేతాన్ని ఏ గణితమూ తిరిగి తేలేదు. అందువలననే ఎస్‌బిట్‌ఎక్స్‌లో స్ఫటిక ఫిల్టరు ముందుగా సుమారు 25 కిలోహెర్ట్జ్ ముక్కను మాత్రమే లోనికి వదలుతుంది. 2012 నుండి హామ్‌లు ప్రయోగాలకు వాడుతున్న చవక టీవీ ట్యూనర్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. వాటి కొలత 8 బిట్లే, అనగా 256 మెట్లే. ఎఫ్.ఎం. కేంద్రానికి దగ్గరలో ఉన్నవారు తీగచుట్ట, కెపాసిటర్లతో చిన్న ఫిల్టరు కట్టి ట్యూనరుకు ముందు తగిలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఏంటెన్నా, పరీక్ష

ఏ నమూనాకైనా సులభమైన ఏంటెన్నా అర్ధతరంగ డైపోలు. 143ను మెగాహెర్ట్జ్‌లలోని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే తీగ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు ఇది సుమారు 20.1 మీటర్లు. గోడలు, చెట్ల వలన ఈ పొడవు మారుతుంది గనుక తీగను కొంచెం ఎక్కువగా తీసుకొని, కొలుస్తూ కత్తిరించుకోవాలి. కొత్తగా కట్టిన సెట్టును ముందు 50 ఓముల నిరోధానికి కలిపి పరీక్షిస్తారు. లైసెన్సు పొందిన తరువాతే ఏంటెన్నాకు కలిపి ప్రసారం చేయాలి.