ఒకే వైన్, రెండు ఇళ్ళు: సీసాని ఏళ్ళ తరబడి ఇంట్లో దాచాలంటే

ఈ ఎపిసోడ్‌లో వైన్ గురించి మాట్లాడుకుందాం. తాగమనీ చెప్పను, మానమనీ చెప్పను. ఇంట్లో ఒకటో రెండో మంచి సీసాలు ఉండి, "ఇది పాతబడేకొద్దీ రుచి పెరుగుతుంది" అని బీరువా పైన పెట్టుకున్నవాళ్ళ కోసం ఇది. నేనూ అలాగే పెట్టుకున్నాను. ఏమైందో ముందు అది చెప్తాను.

మా పెళ్ళి 2005లో అయింది. అప్పట్లో సియాటిల్ దగ్గర ఉండేవాళ్ళం. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతానికి 2005 చాలా మంచి సంవత్సరమని పేరు. ఆ ఏడాది పంటతో చేసిన వైన్ 2008 ప్రాంతంలో షాపుల్లోకి వచ్చింది. మా పెళ్ళి సంవత్సరం కదా అని నాలుగు సీసాలు కొన్నాను. 2013లో హైదరాబాద్ తిరిగి వచ్చేసేటప్పుడు రెండు సీసాలు సూట్‌కేసులో తెచ్చాను. మనిషికి రెండు లీటర్ల వరకే సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, బంధువులకి పట్టుకెళ్ళాల్సినవి వేరే ఉన్నాయి. అందుకని మిగతా రెండూ మా తోడల్లుడి దగ్గర వదిలేశాను. ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో ఒక మూల పడుకోబెట్టాడు.

పదో పెళ్ళిరోజుకి ఒకటి తెరుద్దామనుకున్నాం. ఆ ఏడాదే మా అమ్మ పోయింది, ఎవరికీ మనసు రాలేదు. పదిహేనో పెళ్ళిరోజు 2020లో వచ్చింది. లాక్‌డౌన్ రోజులు, ఇంట్లో మేమిద్దరమే, ఇంకా పెద్ద సందర్భం వస్తుందిలే అనుకున్నాం. చివరికి కిందటేడు, 2025 నవంబరులో ఇరవయ్యో పెళ్ళిరోజుకి తోడల్లుడూ, మా మరదలూ వచ్చారు. ఆయన తన దగ్గరున్న సీసాల్లో ఒకటి తెచ్చాడు. ఆయన సీసా, నా సీసా పక్కపక్కన పెట్టి తెరిచాం.

నా సీసాలో వైన్ మెడ కింద దాకా దిగిపోయింది. బిరడా చుట్టూ జిగట. గ్లాసులో పోస్తే కషాయం రంగు. వాసన ఉడికిపోయిన ద్రాక్ష, మాడిన బెల్లం పాకం, వెనకాల కాస్త వెనిగర్ ఘాటు. ఆయన సీసాలోంచి వచ్చిందేమో అంచుల్లో ఇటుక రంగు తిరిగిన ఎరుపు, పాత చెక్క పెట్టె తెరిచినప్పటి వాసన, వగరు అంతా మెత్తబడిపోయి నాలుక మీద నిదానంగా సాగే రుచి. ఒకే వైన్, ఒకే సంవత్సరం, ఒకే షాపు. తేడా అంతా ఇల్లే.

నా ముఖం చూసి మా ఆవిడ అంది, "పోనీలెండి, సీసా చెడిపోయింది గానీ మనం చెడిపోలేదు కదా" అని. అందరం నవ్వాం. కానీ నాకు మాత్రం ఆ పన్నెండేళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. నేను చేసిన తప్పేమిటో వెతకడం మొదలుపెట్టాను.

అసలు వైన్ పాతబడితే ఏం జరుగుతుంది? మనకి ఆవకాయ తెలుసు కదండీ. కలిపిన రోజు కారం వేరు, ఉప్పు వేరు, పులుపు వేరు. ఊరేకొద్దీ అన్నీ ఒకటవుతాయి. వైన్ కూడా ఒక రకంగా ఊరుతుంది. ఎర్ర వైన్‌లో ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు ఉంటుంది, టానిన్ అంటారు. డికాక్షన్ ఎక్కువైన టీ తాగితే నోరు పట్టేసినట్టు ఉంటుంది చూడండి, అదే. కాలం గడిచేకొద్దీ ఈ టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులవుతాయి, కొన్ని అడుగున మడ్డిగా దిగుతాయి. అందుకే పాత వైన్‌లో వగరు తగ్గుతుంది, రంగు ఊదా నుంచి ఇటుక ఎరుపుకి మారుతుంది. పండు వాసన తగ్గి తోలు, పొగాకు, ఎండిన ఆకు లాంటి వాసనలు వస్తాయి.

అయితే ఏ కూరగాయ పెట్టినా ఏడాది నిలవుండే పచ్చడి కాదు. దోసావకాయ నాలుగు రోజుల్లో తినెయ్యాలి. వైన్ కూడా అంతే. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం ఒకటి రెండేళ్ళలో తాగడానికే చేస్తారు. బోజొలే నూవో అనే వైన్ ఉంది, ప్రతి ఏడాదీ నవంబరు మూడో గురువారం విడుదలవుతుంది, కొన్ని నెలల్లో తాగెయ్యాలి. రోజే వైన్లు, అట్టపెట్టెలో వచ్చే వైన్లు, మామూలు తెల్ల వైన్లు దాస్తే నీరసించిపోతాయి తప్ప ఎదగవు. నిలబడాలంటే వైన్‌లో పట్టు ఉండాలి. అంటే టానిన్, పులుపు, తీపి వీటిలో ఏదో ఒకటి గట్టిగా ఉండాలి. మంచి బోర్డో, ఇటలీ బరోలో, జర్మనీ రీస్లింగ్, తియ్యటి సోటెర్న్, వింటేజ్ పోర్ట్ అలాంటివి. మన నాశిక్, నంది హిల్స్ వైన్లలో పై రకం ఎర్రవి కొన్నేళ్ళు ఆగుతాయి. మిగతావి కొన్న ఏడాదే తాగడం మంచిది.

ఇప్పుడు ఇంటి సంగతి. మొదటి శత్రువు వేడి. వైన్‌కి నచ్చేది 12, 13 డిగ్రీలు. మన హైదరాబాద్‌లో మే నెలలో ఫ్యాన్ కింద గదిలోనే 35 దాటుతుంది. ఉష్ణోగ్రత పెరిగితే లోపల రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క. పైగా అన్ని చర్యలూ ఒకే వేగంతో పెరగవు. అందుకే వేడిలో వైన్ తొందరగా ఎదగదు, వేరే దారిలో ఉడుకుతుంది. నిదానంగా ఊరాల్సిన పచ్చడిని పొయ్యి మీద పెట్టినట్టు.

రెండోది వేడిలో హెచ్చుతగ్గులు. పగలు ద్రవం వ్యాకోచించి బిరడాని నెడుతుంది, పక్కల నుంచి కాస్త కారుతుంది. రాత్రి చల్లబడి కుంచించుకుంటే బయటి గాలి లోపలికి వస్తుంది. నా సీసా చుట్టూ ఉన్న జిగట అదే. నేను పెట్టింది ఎక్కడో తెలుసా? పడమటి గోడకి ఆనించిన బీరువా పైన. సాయంత్రం ఎండ అంతా ఆ గోడకే. అంతకన్నా తప్పు చోటు ఒకటే ఉంది, అటక.

మూడోది, నేను సీసాలు నిలబెట్టాను. కార్కు బిరడా ఉన్న సీసాని పడుకోబెట్టాలి. అప్పుడు వైన్ తగిలి బిరడా తడిగా, ఉబ్బి ఉంటుంది. ఎండితే కుంచించుకుపోతుంది. 1985లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో, 1787 నాటిదని చెప్పిన ఒక లాఫిట్ సీసా 1,05,000 పౌండ్లకి అమ్ముడుపోయింది. కొన్న ఫోర్బ్స్ కుటుంబం దాన్ని ప్రదర్శనకి పెట్టింది. లైట్ల వేడికి బిరడా ఎండి సీసాలోకి జారిపోయింది. ఆ సీసా అసలుదేనా అని తరవాత పెద్ద వివాదం నడిచింది, అది వేరే కథ. స్క్రూ మూత ఉన్న సీసాకి ఈ బాధ లేదు, నిలబెట్టినా ఫరవాలేదు.

నాలుగోది వెలుతురు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వైన్‌ని పాడుచేస్తాయి, తెల్లగాజు సీసాల్లో ఉన్నదాన్ని మరీను. అద్దాల షోకేసులో పెట్టకండి. న్యూస్‌పేపర్ చుట్టినా చాలు.

దీనికి ఎదురు ఉదాహరణ చూడండి. 2010లో బాల్టిక్ సముద్రంలో ఆలండ్ దీవుల దగ్గర, సుమారు 50 మీటర్ల లోతున మునిగిపోయిన ఓడలో 168 షాంపేన్ సీసాలు దొరికాయి. దాదాపు 170 ఏళ్ళ కిందటివి. వాటిలో కొన్ని రుచి చూస్తే ఇంకా తాగేలాగే ఉన్నాయి. చల్లదనం, చీకటి, కదలిక లేని చోటు. ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు, సముద్రమే దాచిపెట్టింది.

మరి సముద్రం లేనివాళ్ళం ఏం చెయ్యాలి? ఏడాది లోపయితే ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు చూసుకోండి. కింది అంతస్తు, ఇంటి లోపలి గోడ, మంచం కింద పెట్టె. ఒక మామూలు థర్మామీటర్ వారం రోజులు అక్కడ పెట్టి చూడండి. వేసవి వచ్చేసరికి ఆ సీసాలు మామూలు ఫ్రిజ్‌లోకి మార్చండి. ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది, ఏళ్ళ తరబడి ఉంచడానికి పనికిరాదు. కానీ ఆ రెండు మూడు నెలలు బీరువా కన్నా వెయ్యి రెట్లు నయం.

ఐదేళ్ళు, పదేళ్ళు దాచాలంటే మాత్రం మన వాతావరణంలో వైన్ ఫ్రిజ్ తప్పదు. కొనేటప్పుడు ఒక్కటి అడగండి, అందులో కంప్రెసర్ ఉందా అని. చవకగా దొరికే థర్మోఎలక్ట్రిక్ రకం గది వేడికన్నా పది, పదిహేను డిగ్రీలే తగ్గించగలదు. గది 38లో ఉంటే లోపల 24 దగ్గర ఆగిపోతుంది. డబ్బు పెట్టి అదే తప్పు చేసినట్టవుతుంది. కరెంటు ఒకటి రెండు గంటలు పోతే కంగారు పడకండి, తలుపు తెరవకుండా ఉంటే సీసాలు చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి. ఇంట్లో ఎన్ని సీసాలు ఉంచుకోవచ్చో రాష్ట్రాన్ని బట్టి ఎక్సైజ్ నిబంధనలు ఉంటాయి, అదీ చూసుకోండి.

ఫ్రిజ్ వద్దు, అయినా దాచాలి అనేవాళ్ళకి ఒక వైన్ ఉంది. మదీరా. పోర్చుగల్‌కి చెందిన అట్లాంటిక్ దీవి పేరే దాని పేరు. పాత రోజుల్లో ఓడల్లో పీపాలతో ఇండియా దాకా వెళ్ళి తిరిగి వచ్చిన వైన్, దారిలో ఎండలన్నీ తిని ఇంకా రుచిగా తయారైందని గమనించారు. అప్పటినుంచి కావాలనే వేడి చేస్తున్నారు. ఒక పద్ధతిలో 45, 50 డిగ్రీల దగ్గర కనీసం మూడు నెలలు ఉంచుతారు. మేలు రకాల పీపాలని ఏళ్ళ తరబడి వెచ్చటి అటకల మీదే పెడతారు. ముందే ఉడికిపోయింది కాబట్టి మన వేడి దాన్ని పెద్దగా చెయ్యగలిగేది లేదు. సీసా తెరిచాక కూడా నెలలు ఉంటుంది. నాకు ఈ సంగతి 2013లో తెలిస్తే ఎంత బాగుండేదో.

పాత సీసా తెరిచే ముందు ఒకటి రెండు రోజులు నిలబెట్టండి, మడ్డి అడుగుకి దిగుతుంది. బిరడా పొడిపొడి అవ్వచ్చు, నిదానంగా లాగండి. మడ్డి మెడ దగ్గరికి రాగానే పొయ్యడం ఆపెయ్యండి. చాలా పాతదైతే తెరిచి గంటల తరబడి ఆరబెట్టకండి, దాని వాసన అప్పుడే ఎగిరిపోతుంది.

చివరిగా ఒక మాట. ఒకే ఒక్క సీసా దాచకండి. ఒకే రకానివి మూడు, ఆరు కొని, రెండేళ్ళకోసారి ఒకటి తెరిచి చూడండి. ఒక పుస్తకంలో తేదీ, రుచి రాసుకోండి. వైన్ ఎప్పుడు బాగుందో సీసా మీద రాసి ఉండదు, తాగిచూస్తేనే తెలుస్తుంది. నేను 2015లో తెరిచి ఉంటే బహుశా బాగానే ఉండేది. అమ్మ పోయిన ఏడాది ఎలాగూ తెరవలేకపోయేవాళ్ళం. కానీ 2016లో తెరవచ్చు కదా? ఏ సందర్భమూ లేని ఒక ఆదివారం తెరవచ్చు కదా? సందర్భం సరిపోదు సరిపోదు అనుకుంటూ పన్నెండు వేసవులు దాని మీదుగా పోనిచ్చాను.

నా దగ్గర రెండో సీసా ఇంకా ఉంది. అది కూడా పోయే ఉంటుంది, అయినా ఈ ఆదివారం తెరుస్తున్నాం. తోడల్లుడి బేస్‌మెంట్‌లో నాలుగోది ఉంది. దాని కోసం ఇరవై ఐదో పెళ్ళిరోజు దాకా ఆగొద్దని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. వచ్చే వేసవిలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఏ రోజు భోజనం బాగా కుదిరితే ఆ రోజు.

మీ ఇంట్లో ఎవరైనా అటక మీద సీసా పెట్టి ఉంటే ఇవాళే దింపండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.