మామ్మ ఎక్కిన రైలు

మాది ద్రాక్షారామం అనగానే కొత్తవాళ్లు, "మీ ఊళ్లో ద్రాక్షతోటలు బాగా ఉంటాయి కాబోలు!" అంటారు. ఒక్కటీ లేదండీ. దక్షుడు యజ్ఞం చేసిన చోటు గనుక దక్షారామమనీ, అదే జనం నోట ద్రాక్షారామమైందనీ పెద్దలు చెబుతారు. కనబడేవి వరిచేలూ, కొబ్బరిచెట్లూను.

భీమేశ్వరాలయం కట్టించినవాడు 892లో గద్దెనెక్కిన చాళుక్య భీముడంటారు. లోపల ఎటు చూసినా శాసనాలే. అఖండదీపానికి ఫలానావారు ఇన్ని ఆవులిచ్చారు, ఇన్ని గొర్రెలిచ్చారు అని పేరుపేరునా చెక్కించారు. శ్రీనాథుడు ఈ క్షేత్రంమీద "భీమేశ్వర పురాణం" రాశాడు. దేవుడికి కావ్యమూ, దాతలకు శాసనాలూ ఉన్నాయి. మరి ఈ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్ల సంగతి ఎవరు రాశారు?

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలు వచ్చాయి, పొలాలకు నీళ్లూ, మనుషులకు పడవలూ వచ్చాయి. మా మామ్మ అత్తగారు పడవలోనే కాపరానికి వచ్చిందట. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి, మా ఊరిమీదుగా, రైలు పడింది. సుమారు 45 కిలోమీటర్ల లైను. 1936లో మామ్మ పద్నాలుగేళ్ల పిల్లగా కరప నుంచి ఆ రైల్లో వచ్చింది. "మా అత్తగారికి పడవ, నాకు రైలూ!" అని చెప్పుకుని మురిసిపోయేది.

ఆ మురిపెం నాలుగేళ్లే. 1940లో యుద్ధం అవసరాలకని పట్టాలు పీకేశారు. ఎక్కడో ఐరోపాలో యుద్ధం వస్తే, ఇక్కడ మామ్మకు పుట్టింటి దారి పోయింది. ఆ తరువాత మా అమ్మ బస్సులో వచ్చింది, మా ఆవిడ కారులో వచ్చింది.

2004లో మళ్లీ పట్టాలు పడ్డాయి. మామ్మకప్పుడు ఎనభై రెండేళ్లు. "ఒరే అబ్బాయ్, నన్నోసారి కరప తీసుకెళ్లరా" అంది.

"అక్కడ మనవాళ్లెవరూ లేరుగా మామ్మా?"

"లేకపోతేనేం? దారి ఉందిగా!"

తీసుకెళ్లాను. కిటికీ పక్కన కూచుని దారి పొడుగునా చేలకేసే చూసింది. కరపలో దిగి, ప్లాట్‌ఫారంమీదే కాసేపు నిలబడి, "ఇంక పోదాం పదరా" అంది.

ఇప్పుడు మామ్మ లేదు. మొన్న సంక్రాంతికి హైదరాబాదునుంచి పిల్లలు వచ్చారు. గుడికి తీసుకెళ్లి శాసనాలు చూపిస్తూ, దీపానికి గొర్రెలిచ్చినవాళ్ల కథ చెబుతున్నాను. మా అమ్మాయి, "నాన్నా, పడవలో వచ్చిన ఆ ముత్తవ్వ పేరేమిటి?" అంది.

తొమ్మిది వందల ఏళ్లనాటి దాతల పేర్లు గడగడా అప్పగించే తెలుగు మాష్టారికి నోట మాట రాలేదు. మామ్మ ఎప్పుడూ "మా అత్తగారు" అనే అనేది. పేరు అడగాలని నాకూ తోచలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఇవాళ సాయంత్రమే అడగండి. కాగితంమీద రాసుకున్నా చాలు. రాయే అక్కర్లేదు.