గడి కాదు, గుడిసె



చరిత్ర ఉన్న ఇల్లు అనగానే మనకు దొరల గడి యాదికొస్తుంది. ఎత్తైన గోడలు, పెద్ద దర్వాజ. కాని చరిత్ర ఉన్న ఇండ్లన్నీ గడులు కావు. మార్లవాయిలో ఒక గుడిసె ఉండేది. మట్టి గోడలు, గడ్డి కప్పు. ఆ గుడిసె కథ చదువుదాం.

మార్లవాయి జైనూర్ మండలంలోని గోండు గూడెం. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా. 2016 నుంచి కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

గోండుల కష్టం

నిజాం కాలంలో సర్కారు అడవికి హద్దులు పెట్టింది. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న గోండులు, కోలాములు భూములు విడవాల్సి వచ్చింది. ఉన్న భూమికి కూడా చాలామందికి పట్టా లేదు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఆ భూములు తమ పేరున రాయించుకున్నారు. గోండులకు చదువు రాదు. కాగితంలో ఏముందో తెలియదు.

కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాత, గోండుల బాధలేమిటో తెలుసుకొని చెప్పమని సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది.

గుడిసెలో ఇద్దరు

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో పుట్టాడు. మనుషుల బతుకు తీరును చదివే పండితుడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఇంగ్లండు ఆమె. వాళ్లు బంగళాలో ఉండలేదు. మార్లవాయిలో గుడిసెలో కాపురం పెట్టారు. ఆయన గోండి మాట నేర్చుకున్నాడు. భార్యాభర్తలు గూడేలు తిరిగి గోండుల గోడు విన్నారు.

1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లను తయారు చేసే కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు వచ్చాయి. అక్షరాలు దేవనాగరివి, మాట మాత్రం గోండులదే. గోండు పిల్లలకు గోండు పంతులే చదువు చెప్పాడు. ఆ ఏండ్లలోనే వేల గిరిజన కుటుంబాలకు భూమి పట్టాలు దొరికాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. జనం తమ బాధలను అధికారులకు చెప్పుకునే ఆ దర్బారు ఇప్పటికీ జరుగుతోంది.

సమాధి

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో చనిపోయింది. ఆమెను మార్లవాయికి తెచ్చి సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో చనిపోయాడు. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఊరివాళ్లు అక్కడ వాళ్లను తలచుకుంటారు.

పుస్తకాల మీద ఎక్కువగా ఆయన పేరే ఉంటుంది. కాని మార్లవాయిలో మొదటి సమాధి ఆమెదే. పనిలో ఆమె సగం. ఆ సంగతి ఊరు మరచిపోలేదు. ఆడవాళ్ల పని ఎంత ఉన్నా పేరు కనబడదని మనకు తెలుసు కదా!

గోండులు భూమి పోగొట్టుకున్నది చేతగాక కాదు. కాగితం చదవరాక. మనం ఇప్పుడు అక్షరం నేర్చుకున్నాం. ఈ రాత్రి ఇంట్లో పట్టా పాసు పుస్తకం తీయండి. పేరు ఎవరిది? సర్వే నంబరు ఎంత? ఎకరాలు, గుంటలు ఎన్ని? వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదవండి. తెలియని మాట ఉంటే రాసుకొని కేంద్రానికి తీసుకురండి.

చదివి చెప్పండి

1. మార్లవాయిలో పంతుళ్ల కేంద్రం ఏ సంవత్సరంలో మొదలైంది?
2. గోండులు భూములు ఎందుకు పోగొట్టుకున్నారు?
3. మీ ఊరిలో పాత ఇల్లు, సమాధి, రాతి ఫలకం ఏమున్నాయి? వాటి మీద ఎవరి పేరు ఉంది? ఎవరి పేరు లేదు?