కీబోర్డు మోగలేదా? పాడైందనుకోకండి!



పాపకు కొన్న యూఎస్‌బీ మ్యూజిక్ కీబోర్డును కంప్యూటర్‌కు పెట్టారు. లైట్ వెలిగింది, శబ్దం మాత్రం రాలేదు. పాడైందని ధర్పల్లి నుంచి మళ్లీ నిజామాబాద్ షాపుకు పరుగెత్తకండి. ఇలాంటి చాలా కీబోర్డులకు సొంత శబ్దం ఉండదు. ఏ కీ నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో 0 నుంచి 127 వరకు అంకెల్లో కంప్యూటర్‌కు చెబుతాయి, అంతే. 1983లో వచ్చిన ఈ పద్ధతి పేరు మిడి. స్వరం పలికించేది సాఫ్ట్‌వేర్.

ముందు కీబోర్డు పెట్టి, తర్వాత ఎల్‌ఎంఎంఎస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరవండి. ఒక వాయిద్యాన్ని ఎంచుకుని, దాని మిడి ఇన్‌పుట్‌లో మీ కీబోర్డు పేరుకు టిక్ పెట్టండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు, వైరుదే వాడండి. బ్లూటూత్‌లో స్వరం ఆలస్యంగా వినిపిస్తుంది, తాళం తప్పుతుంది. పాపేమో తనకే సంగీతం రాదనుకుంటుంది.