పట్టు చిమ్మటలలో ఆడ, మగ గుర్తింపు

మల్బరీ పట్టుపురుగు (శాస్త్రీయ నామం: బాంబిక్స్ మోరి) లెపిడోప్టెరా క్రమానికి చెందిన కీటకం. గూటి నుండి వెలువడిన రెక్కల దశను చిమ్మట అంటారు. ఆడ, మగ చిమ్మటలు రెండూ తెల్లగా, నూగుతో ఉండి తొలి చూపులో ఒకే విధంగా కనబడతాయి. అయినను కొన్ని శారీరక లక్షణాలను బట్టి వీటిని వేరు చేయవచ్చును. పట్టు గుడ్ల ఉత్పత్తి కేంద్రాలలో ఈ గుర్తింపు చాలా ముఖ్యమైన పని.

రెక్కల దశలో తేడాలు

ఆడ చిమ్మట పెద్దది, మందకొడిగా ఉంటుంది. దాని ఉదరం గుడ్లతో నిండి లావుగా కనిపిస్తుంది. ఒక్కొక్కటి సుమారు 400 నుండి 500 గుడ్లు పెడుతుంది. మగ చిమ్మట చిన్నది, ఉదరం సన్నగా ఉంటుంది. అయితే సరిగా మేత దొరకని ఆడపురుగు కూడా చిన్న చిమ్మటగానే మారుతుంది. కనుక పరిమాణాన్ని మాత్రమే నమ్ముకొన్న కొత్తవారు పొరబడుతుంటారు. దువ్వెన వంటి స్పర్శశృంగాలు మగదానికే ఉంటాయన్న సాధారణ సూత్రమూ ఇక్కడ పనికిరాదు. అవి రెండింటికీ ఉంటాయి, మగదానివి కొంచెం పెద్దవి, అంతే.

నమ్మదగిన గుర్తు ఉదరం చివర ఉన్నది. ఆడదానికి అక్కడ గుండ్రని బుడిపె, దాని ఇరుప్రక్కల వెలుపలికి ఉబికే పసుపు రంగు గంధ గ్రంథులు ఉంటాయి. మగదానికి సంపర్క సమయంలో ఆడదానిని పట్టుకొనే కొక్కెములు ఉంటాయి. ఆ గ్రంథుల నుండి వెలువడే వాసన సోకగానే మగ చిమ్మట రెక్కలు వేగంగా ఆడిస్తూ గుండ్రంగా తిరుగుతుంది. ఈ వాసన పదార్థమే బాంబికాల్. జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాండ్ట్ బృందం సుమారు 5 లక్షల ఆడ చిమ్మటల నుండి దీనిని వేరు చేసి 1959లో ప్రకటించింది. కీటకాలలో మొదటిసారిగా గుర్తించిన ఫెరోమోన్ ఇదే.

ప్యూపా దశలో గుర్తింపు

సంకరజాతి గుడ్ల కోసం ఒక జాతి ఆడ చిమ్మటను మరొక జాతి మగ చిమ్మటతో కలపాలి. ఉదాహరణకు ప్యూర్ మైసూర్ ఆడదానికి సి.ఎస్.ఆర్.2 మగదానిని జత చేస్తారు. చిమ్మటలు తెల్లవారుజామున గూటి నుండి వచ్చిన కొద్దిసేపటికే జతకడతాయి. అప్పటిదాకా వేచి ఉంటే సొంత జాతిలోనే కలిసిపోయి, ఆ గుడ్లు సంకర విత్తనంగా పనికిరావు. అందువలన గూటి కొనను కోసి, ప్యూపాను వెలికితీసి ముందే వేరు చేస్తారు. ఆడ ప్యూపా 8వ ఉదర ఖండితం అడుగున గుణకారపు గుర్తును పోలిన సన్నని గీత ఉంటుంది. మగదానికి 9వ ఖండితంపై చిన్న చుక్క మాత్రమే ఉంటుంది. వేల ప్యూపాలను ఇలా తిప్పి చూడటం కంటికి శ్రమతో కూడిన పని. ఈ శ్రమ తగ్గించుటకు ఆడ పురుగులకు మాత్రమే ఒంటిపై మచ్చలు ఉండే జాతులను కూడా రూపొందించారు.

గుడ్లు పెట్టిన తరువాత ఆడ చిమ్మటను నూరి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తారు. పెబ్రిన్ వ్యాధి తల్లి నుండి గుడ్ల ద్వారా పిల్లలకు సంక్రమించుటయే ఇందుకు కారణం.

ఇతర చిమ్మటలు

తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల మద్ది చెట్లపై పెంచే దసలి పట్టు చిమ్మటలో తేడా దూరం నుండే తెలుస్తుంది. మగది ఎక్కువగా ఎర్రని గోధుమ రంగులో, ఆడది పసుపు లేదా బూడిద రంగులో ఉంటుంది. మగదాని స్పర్శశృంగాలు ఈకల వలె వెడల్పైనవి.

శనగపచ్చ పురుగు చిమ్మటలో మగదాని ముందు రెక్కలు లేత ఆకుపచ్చ ఛాయతో, ఆడదానివి నారింజ-గోధుమ రంగులో ఉంటాయి. పత్తి, శనగ చేలలో పెట్టే లింగాకర్షక బుట్టలలో ఆడదాని వాసనను పోలిన ఎరను ఉంచుతారు. కనుక వాటిలో పడేవి మగ చిమ్మటలే.