ఏ.టి.ఎం. రుసుములు, క్రెడిట్ కార్డుపై నగదు

ఏ.టి.ఎం. రుసుము అనగా ఖాతాదారు నగదు యంత్రాన్ని నెలవారీ ఉచిత పరిమితికి మించి వాడినపుడు బ్యాంకు అతని ఖాతా నుండి మినహాయించుకొనే సొమ్ము. భారతదేశంలో 2025 మే 1 నుండి ఇది ఒక్కొక్క లావాదేవీకి గరిష్ఠంగా 23 రూపాయలు. దీనిపై 18 శాతం వస్తు సేవల పన్ను అదనం. అదే యంత్రంలో డెబిట్ కార్డుకు బదులు క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీస్తే అయ్యే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. మొదటిది తన సొమ్మును తాను తీసుకున్నందుకు చెల్లించే సేవా రుసుము. రెండవది అప్పు. రెండు కార్డులూ చూడటానికి ఒకే తీరుగా ఉంటాయి, ఒకే యంత్రంలో పనిచేస్తాయి, రెండింటికీ నాలుగంకెల పిన్ అడుగుతుంది. అందువలన ఈ తేడా చాలామందికి నెల తిరిగి బిల్లు వచ్చిన తరువాత గాని తెలియదు.

చరిత్ర

ప్రపంచంలో తొలి నగదు యంత్రాన్ని 1967 జూన్ 27న లండను నగరంలోని ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు నెలకొల్పింది. భారతదేశానికి ఈ యంత్రం 1987లో వచ్చింది. బొంబాయిలో హెచ్.ఎస్.బి.సి. బ్యాంకు దీనిని ఏర్పాటు చేసింది. తొలి రోజులలో ఏ బ్యాంకు యంత్రం ఆ బ్యాంకు ఖాతాదారులకే పనికివచ్చేది. వేరువేరు బ్యాంకుల యంత్రాలను కలపడానికి 1997లో భారతీయ బ్యాంకుల సంఘం "స్వధన్" అనే వ్యవస్థను ప్రారంభించింది గాని అది 2003లో మూతపడింది.

దేశమంతటి యంత్రాలను ఒక్కటిగా కలిపిన వ్యవస్థ హైదరాబాదులో పుట్టింది. రిజర్వు బ్యాంకు 1996లో మాసబ్ ట్యాంక్ వద్ద స్థాపించిన ఐ.డి.ఆర్.బి.టి. అనే పరిశోధనా సంస్థ 2004 ఆగస్టులో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించింది. 2009 డిసెంబరులో దీని నిర్వహణ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు బదిలీ అయింది. తెనాలిలో ఖాతా ఉన్న వ్యక్తి ఢిల్లీలో మరొక బ్యాంకు యంత్రం నుండి సొమ్ము తీయగలుగుతున్నది ఈ స్విచ్ వలననే.

యంత్రాలు కలిసిన తరువాత రుసుము ప్రశ్న తలెత్తింది. ఇతర బ్యాంకుల ఖాతాదారుల నుండి ఒక్కొక్క బ్యాంకు ఒక్కొక్క విధంగా వసూలు చేస్తుండగా, 2008 మార్చిలో రిజర్వు బ్యాంకు ఈ రుసుమును 20 రూపాయలకు పరిమితం చేసింది. 2009 ఏప్రిల్ 1 నుండి పూర్తిగా రద్దు చేసింది. ఈ పూర్తి ఉచితం కొద్ది నెలలే నడిచింది. 2009 అక్టోబరు నుండి ఇతర బ్యాంకుల యంత్రాలలో నెలకు ఐదు లావాదేవీలే ఉచితమయ్యాయి. 2014 నవంబరు 1 నుండి ఆరు మహానగరాలలో ఈ సంఖ్య మూడుకు తగ్గింది. గరిష్ఠ రుసుము 2022 జనవరిలో 21 రూపాయలకు, 2025 మేలో 23 రూపాయలకు పెరిగింది. పెద్ద నోట్ల రద్దు తరువాత 2016 నవంబరు 10 నుండి డిసెంబరు 30 వరకు పొదుపు ఖాతాదారులకు ఈ రుసుములు లేవు. అప్పుడు కరవైనది నోట్లే కనుక ఆ ఉచితం వలన జనానికి ఒరిగినది స్వల్పం.

రుసుము వెనుక లెక్క

ఒక బ్యాంకు ఖాతాదారు మరొక బ్యాంకు యంత్రాన్ని వాడిన ప్రతిసారీ, కార్డు ఇచ్చిన బ్యాంకు యంత్రం యజమానికి కొంత సొమ్ము చెల్లిస్తుంది. దీనిని ఇంటర్‌ఛేంజ్ రుసుము అంటారు. 2025 మే నుండి ఇది నగదు తీసినపుడు 19 రూపాయలు, నిల్వ చూసుకోవడం వంటి ఇతర పనులకు 7 రూపాయలు. అంటే "ఉచిత" లావాదేవీ కూడా నిజానికి ఉచితం కాదు. ఆ పరిమితి లోపల ఖర్చును ఖాతాదారు బ్యాంకు భరిస్తుంది, పరిమితి దాటితే ఖాతాదారుపై వేస్తుంది. యంత్రం ఉన్న గది అద్దె, విద్యుత్తు, కాపలా, నోట్లు తెచ్చి నింపే వాహనం ఖర్చు రోజుకు పదిమంది వచ్చినా రెండువందల మంది వచ్చినా పెద్దగా మారవు. యు.పి.ఐ. చెల్లింపులు పెరిగి యంత్రం వద్దకు వచ్చేవారు తగ్గేకొద్దీ ఒక్కొక్క లావాదేవీపై పడే ఖర్చు పెరుగుతుంది.

సొంత బ్యాంకు యంత్రాలలో నెలకు కనీసం ఐదు లావాదేవీలు ఉచితం. ఇతర బ్యాంకుల యంత్రాలలో హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై, ముంబై, కోల్‌కతా, న్యూఢిల్లీలలో మూడు, మిగిలిన ఊళ్ళలో ఐదు ఉచితం. ఇక్కడ లెక్కకు వచ్చేది యంత్రం ఉన్న ఊరు, ఖాతా ఉన్న ఊరు కాదు. ఇతర బ్యాంకు యంత్రంలో ఖాతా నిల్వ చూసుకోవడం, మినీ స్టేట్‌మెంట్ తీసుకోవడం కూడా ఈ మూడింటిలోనో ఐదింటిలోనో చేరిపోతాయి. జీతం పడిందా లేదా అని రెండుసార్లు చూసుకున్న హైదరాబాదు ఉద్యోగికి ఆ నెలలో మిగిలేది ఒక్క ఉచిత లావాదేవీయే. ఈ సమాచారం ఫోనులో ఖర్చు లేకుండా తెలుస్తుంది.

ఈ రుసుము మొత్తాన్ని బట్టి కాక లావాదేవీని బట్టి ఉండటం వలన చిన్న మొత్తాలు తీసేవారిపై భారం ఎక్కువ. పన్నుతో కలిపి 27 రూపాయల 14 పైసలు. పదివేలు తీసినవారికి ఇది నూటికి పావలాకు కొంచెం ఎక్కువ. ఐదువందలు తీసిన కూలీకి నూటికి ఐదు రూపాయలు దాటుతుంది. బ్యాంకులు కాని సంస్థలు నడిపే "వైట్ లేబుల్" యంత్రాలకు రిజర్వు బ్యాంకు 2012లో అనుమతినిచ్చింది. మొదటి యంత్రం 2013లో మహారాష్ట్రలో ప్రారంభమైంది. బ్యాంకు శాఖ లేని ఊళ్ళకు ఇవి ఉపయోగపడుతున్న మాట నిజమే. అయితే ఇవి ఏ బ్యాంకుకూ చెందవు కనుక వీటిలో తీసిన ప్రతి లావాదేవీ అందరికీ "ఇతర బ్యాంకు" లావాదేవీయే.

క్రెడిట్ కార్డుపై నగదు

క్రెడిట్ కార్డుతో సరుకు కొంటే బిల్లు గడువు వరకు వడ్డీ ఉండదు. బిల్లు తయారైన మరునాడు కొన్న వస్తువుకు దాదాపు 50 రోజులు, బిల్లుకు ముందురోజు కొన్న వస్తువుకు సుమారు 20 రోజులు గడువు దొరుకుతుంది. ఈ సౌకర్యం నగదుకు వర్తించదు. యంత్రం నుండి నోట్లు బయటకు వచ్చిన రోజు నుండే వడ్డీ మొదలవుతుంది. దీనికి తోడు నగదు రుసుము ఉంటుంది. ఇది సాధారణంగా తీసిన మొత్తంలో రెండున్నర శాతం లేదా 300 నుండి 500 రూపాయల కనీస రుసుము, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది.

కనీస రుసుము 500 రూపాయలు, వడ్డీ నెలకు మూడున్నర శాతం ఉన్న కార్డుపై ఒక వ్యక్తి పదివేల రూపాయలు తీసి సరిగ్గా నెలకు తిరిగి కట్టాడనుకుందాం. రుసుము 500, దానిపై పన్ను 90, వడ్డీ 350, ఆ వడ్డీపై పన్ను 63. మొత్తం 1,003 రూపాయలు. క్రెడిట్ కార్డు వడ్డీపై కూడా వస్తు సేవల పన్ను ఉన్న సంగతి చాలామంది గమనించరు. ఇదే పదివేలను డెబిట్ కార్డుతో తన ఖాతా నుండి తీస్తే ఖర్చు సున్న, మహా అయితే 27 రూపాయలు. ఇదే పదివేలకు క్రెడిట్ కార్డుతోనే దుకాణంలో సరుకు కొని గడువులోగా పూర్తిగా కడితే ఖర్చు ఏమీ లేదు.

నెలకు మూడున్నర శాతాన్ని పల్లెటూరి లెక్కలో "మూడున్నర రూపాయల వడ్డీ" అంటారు. ప్రామిసరీ నోటుపై రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవారిని సాధారణంగానూ, మూడు రూపాయలు దాటినవారిని కఠినులుగానూ చూసే చోట, బ్యాంకు కార్డు వడ్డీ అంతకంటె ఎక్కువన్నది శాతాలలో చెప్పినపుడు స్ఫురించదు. బంగారు నగలపై బ్యాంకులు ఇచ్చే రుణానికి వడ్డీ సాధారణంగా దీనిలో మూడవ వంతుకు మించదు. సాలీనా 30 శాతానికి మించిన కార్డు వడ్డీ అక్రమ వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది గాని, సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసింది.

కార్డు గీకించుకొని, సరుకు ఇవ్వకుండా కమీషను పట్టుకొని నగదు ఇచ్చే వర్తకులు కూడా ఉన్నారు. యంత్రం కంటె ఇది చౌకగా కనిపించవచ్చు. అమ్మని సరుకును అమ్మినట్లు చూపడం కార్డు నిబంధనలకు విరుద్ధం. బయటపడితే కార్డు రద్దు కావచ్చు.

కనీస చెల్లింపు

బిల్లులో మొత్తం బాకీ పక్కనే "మినిమమ్ డ్యూ" అని ఒక చిన్న అంకె ఉంటుంది. ఇది తరచుగా బాకీలో ఐదు శాతం. ఇది కడితే ఆలస్య రుసుము పడదు, అంతే. వడ్డీ ఆగదు. 20,000 రూపాయల బాకీకి 1,000 కట్టినవారికి మిగిలిన 19,000పై మరుసటి నెల వడ్డీ 665, పన్ను 119 రూపాయల 70 పైసలు పడతాయి. మరుసటి నెల మళ్ళీ 1,000 కడితే అసలుకు చేరేది 215 రూపాయల 30 పైసలు మాత్రమే. పైగా బాకీ పూర్తిగా కట్టనంతకాలం కొత్త కొనుగోళ్ళకు వడ్డీలేని గడువు పోతుంది. ఆ నెలలో కొన్న పాలపొడికి, మందులకు కూడా కొన్ననాటి నుండే వడ్డీ నడుస్తుంది. కట్టని రుసుములు, పన్నులపై వడ్డీ వేయరాదని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాలలో స్పష్టం చేసింది.

నగదా, కార్డా

క్రెడిట్ కార్డు తెలుగువారికి కొత్తది కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు జారీ చేసి, దేశంలో ఈ సేవను తొలినాళ్ళలో ప్రవేశపెట్టిన బ్యాంకులలో ఒకటిగా నిలిచింది. (ఈ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమైంది.)

ప్రతి నెలా బిల్లు పూర్తిగా కట్టగలవారికి కొనుగోళ్ళకు క్రెడిట్ కార్డు నగదు కంటె లాభసాటి. గడువు దొరుకుతుంది, సొమ్ము ఖాతాలోనే ఉంటుంది, మోసం జరిగితే అభ్యంతరం చెప్పే వీలుంటుంది. అయితే కార్డు తీసుకున్న వర్తకుడు బ్యాంకుకు కొంత శాతం చెల్లించాలి. అందుకే కొన్ని దుకాణాలలో కార్డుకు రెండు శాతం అదనంగా అడగడం, నగదుకు తగ్గింపు ఇవ్వడం కనిపిస్తుంది. డెబిట్ కార్డుపై ఇలా అదనంగా వసూలు చేయడం సమర్థనీయం కాదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. రూపే డెబిట్ కార్డుపైన, యు.పి.ఐ. పైన 2020 జనవరి 1 నుండి వర్తకునికి ఈ భారమే లేదు. వార్షిక రుసుము, పెట్రోలు బంకులో సర్‌ఛార్జి వంటివి కార్డును బట్టి మారతాయి. నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలనివారికి పై లాభాలేవీ వర్తించవు. ఖర్చుపెట్టేటపుడు నోట్లు తగ్గడం కంటికి కనబడటమే వారికి నగదు ఇచ్చే పెద్ద రక్షణ.

సొమ్ము రాకపోతే

యంత్రంలో లోపం వలన గాని, నోట్లు లేకపోవడం వలన గాని, పిన్ తప్పు కావడం వలన గాని విఫలమైన లావాదేవీని ఉచిత లెక్కలో చేర్చరాదు, దానికి రుసుము వేయరాదు. ఖాతాలో తగినంత నిల్వ లేక విఫలమైతే మాత్రం చాలా బ్యాంకులు రుసుము వేస్తాయి. నగదు రాకుండానే ఖాతాలో సొమ్ము తగ్గితే, లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజులలోగా బ్యాంకు తిరిగి జమచేయాలి. ఆ పైన జాప్యమైన ప్రతిరోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. 2019 సెప్టెంబరు నాటి ఈ ఆదేశం ప్రకారం పరిహారానికి ఖాతాదారు విడిగా అడగవలసిన పనిలేదు. అయినా యంత్రం ఇచ్చిన చీటీని, ఫోనుకు వచ్చిన సందేశాన్ని భద్రపరచుకోవడం మేలు. బ్యాంకు 30 రోజులలో సమాధానం ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

విదేశాలలో

అమెరికాలో ఇతర బ్యాంకు యంత్రం వాడితే తరచుగా రెండు రుసుములు పడతాయి. ఒకటి యంత్రం యజమానిది, మరొకటి ఖాతా ఉన్న బ్యాంకుది. మొదటి దానిని యంత్రమే ముందుగా తెరపై చూపి అంగీకారం అడుగుతుంది. బ్రిటన్‌లో ఎక్కువ యంత్రాలు ఉచితమే. భారతీయ కార్డుతో అక్కడ నగదు తీసే విద్యార్థులకు వీటికి తోడు సొంత బ్యాంకు వేసే విదేశీ లావాదేవీ రుసుము, కరెన్సీ మార్పిడిపై మూడున్నర శాతం వరకు అదనపు భారం పడతాయి. కొన్ని యంత్రాలు "రూపాయలలో లెక్కించమంటారా" అని అడుగుతాయి. ఒప్పుకుంటే మార్పిడి ధరను యంత్రం యజమాని నిర్ణయిస్తాడు, అది సాధారణంగా బ్యాంకు ధర కంటె ప్రియం. డాలర్లలోనో పౌండ్లలోనో లెక్కించమని కోరడం చౌక.