ఏడు కిలోల సంచీ, డెబ్బై టన్నుల విమానం

శంషాబాదులోనో గన్నవరంలోనో విమానాశ్రయానికి వెళ్తే ఒక దృశ్యం తరచుగా కనబడుతుంది. తూకం యంత్రానికి కాస్త దూరంలో ఎవరో ఒకరు నేలమీద పెట్టె తెరిచి కూర్చుని ఉంటారు. ఆవకాయ సీసా ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి మారుతుంది. చెప్పులు బయటికి వస్తాయి, పుస్తకాలు లోపలికి పోతాయి. చొక్కామీద ఇంకో చొక్కా, దానిమీద స్వెట్టరు ఎక్కుతాయి, అదీ మే నెలలో! ఇంతా చేసి ఎక్కువైన బరువు రెండు కిలోలే.

డెబ్బై టన్నుల బరువుతో గాలిలోకి లేచే యంత్రానికి రెండు కిలోలు ఒక లెక్కా అని మీకు అనిపించవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు కొంత భౌతికశాస్త్రంలో ఉంది, కొంత వ్యాపారంలో ఉంది. ప్రకృతి పెట్టిన నియమం ఏదో, సంస్థ పెట్టిన నియమం ఏదో విడదీసి చూద్దాం.

మన దేశంలో తిరిగే చౌక విమానాల్లో సాధారణంగా ఒక్కొక్కరికి 15 కిలోల సామాను విమానం అడుగు భాగంలో వేయడానికి, 7 కిలోల సంచీ ఒకటి చేత్తో పట్టుకుపోవడానికి అనుమతి ఉంటుంది. చేతి సంచీ కొలతలు 55, 35, 25 సెంటీమీటర్లు దాటరాదంటారు. సంస్థను బట్టి, టికెట్టును బట్టి ఇవి మారుతుంటాయి కాబట్టి టికెట్టుమీద ఏం రాసి ఉందో ముందే చదువుకోవాలి.

ఇప్పుడు లెక్క చేద్దాం. చౌక సంస్థలు ఎక్కువగా నడిపే విమానాల్లో ఎయిర్‌బస్ ఏ320 ఒకటి. దాని కొత్త రకం గరిష్ఠంగా 79 టన్నుల బరువుతో పైకి లేవగలదు. అందులో 180 మంది కూర్చున్నారనుకోండి. మనిషికి 22 కిలోల సామాను చొప్పున 3,960 కిలోలు, అంటే దాదాపు నాలుగు టన్నులు. విమానం మొత్తం బరువులో ఇది సుమారు ఇరవయ్యో వంతు. ప్రతివారూ "రెండు కిలోలే కదా" అనుకుంటే 360 కిలోలు అదనంగా చేరుతాయి. ఐదుగురు పెద్దవాళ్లు టికెట్టు లేకుండా ఎక్కి కూర్చున్నట్టే అన్నమాట!

ఈ బరువును మోసేది రెక్కలు. రెక్క గాలిని కిందికి నెడుతుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. న్యూటన్ మూడవ నియమం మీరు చదువుకున్నదే. విమానం ఒకే ఎత్తులో సమవేగంతో పోతున్నప్పుడు పైకెత్తే బలం సరిగ్గా బరువుకు సమానం. బరువు పెరిగితే ఆ బలమూ పెరగాలి. అది పెరిగితే వెనక్కి లాగే గాలి నిరోధమూ పెరుగుతుంది. ఈనాటి ప్రయాణికుల విమానాల్లో ప్రతి 17 కిలోల బరువును గాలిలో నిలపడానికి సుమారు ఒక కిలో బరువుకు సమానమైన బలంతో ఇంజన్లు ముందుకు తోయవలసి ఉంటుంది. ఆ తోపుకు అయ్యే ఇంధనాన్ని లెక్కగడితే, ప్రతి 100 కిలోల అదనపు బరువుకు గంటకు సుమారు 3 కిలోల ఇంధనం ఎక్కువ ఖర్చవుతుందని తేలుతుంది.

అంటే మీ రెండు కిలోలకు గంటకు ఎంత? అరవై గ్రాములు. ఒక చిన్న టీ గ్లాసుకు మించదు. దాని ఖరీదు పది రూపాయలు కూడా ఉండదు. కానీ కౌంటరు దగ్గర అదనపు సామానుకు వసూలు చేసేది కిలోకు వందల రూపాయలు! కాబట్టి బరువుకు ఒక హద్దు ఉండాలన్నది ప్రకృతి నియమమే కాని, ఆ హద్దు దాటినందుకు కట్టే రుసుము మాత్రం ప్రకృతి నిర్ణయించింది కాదు.

మరి ఆ రుసుము ఎందుకు? చౌక విమానం తత్త్వమే అది. పూర్వం టికెట్టులోనే భోజనం, సామాను, కావలసిన సీటు అన్నీ కలిసి ఉండేవి. చౌక సంస్థలు వాటిని విడగొట్టి, ప్రయాణాన్ని మాత్రం తక్కువ ధరకు అమ్మి, మిగతావి అడిగినవారికి విడివిడిగా అమ్మడం మొదలుపెట్టాయి. ఐర్లండుకు చెందిన రయనెయిర్ సంస్థ 2006లో అడుగు భాగంలో వేసే పెట్టెలకు వేరే డబ్బు తీసుకోసాగింది. మన దేశంలో 2003లో కెప్టెన్ గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్‌తో ఈ చౌక ప్రయాణం వచ్చింది. దానివల్ల అంతకుముందు విమానం ముఖం చూడనివారు ఎందరో మొదటిసారి ఎక్కగలిగారు. అది మేలే. అయితే కౌంటరు దగ్గరికి వచ్చాక కట్టే రుసుము, ముందుగా ఇంటర్నెట్లో కట్టే రుసుముకన్నా సాధారణంగా ఎక్కువ ఉంటుంది. క్యూలో నిలబడి కంగారుపడే మనిషి బేరమాడలేడని వ్యాపారికి తెలుసు!

సంచీ కొలతల వెనుక ఉన్నది మరో సంగతి, కాలం. నేలమీద నిలబడిన విమానం సంపాదించదు. అమెరికాలోని సౌత్‌వెస్ట్ సంస్థ 1972లో తనకున్న నాలుగు విమానాల్లో ఒకదాన్ని అమ్ముకోవలసి వచ్చింది. మిగిలిన మూడింటితోనే నాలుగింటి పని చేయించడానికి, దిగిన పది నిమిషాల్లో విమానం మళ్లీ బయలుదేరాలని పట్టుబట్టింది. తరువాత వచ్చిన చౌక సంస్థలన్నీ ఈ పాఠం నేర్చుకున్నాయి. సీట్లపైనున్న అరల్లో పట్టని సంచులు పది వస్తే చాలు, వాటికి చోటు వెతకడంలోనే పావుగంట గడిచిపోతుంది.

సరే, స్వెట్టరు తొడుక్కున్న పెద్దమనిషి దగ్గరికి వద్దాం. పెట్టెలోని రెండు కిలోలు ఒంటిమీదికి వచ్చాయి. తూకం యంత్రం ఒప్పుకుంది. విమానం బరువు తగ్గిందా? ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. అతను సంస్థను ఒప్పించాడు కాని, భూమ్యాకర్షణను ఒప్పించలేదు.

అలాగైతే సామానును తూచేవారు మనుషుల్ని ఎందుకు తూచరు? తూచకుండానే సగటు బరువుతో లెక్క కడతారు కాబట్టి. పెద్దవారికి ఇంత, పిల్లలకు ఇంత అని సగటు అంకెలు ఉంటాయి. 180 మంది ఉన్నప్పుడు సన్ననివారూ లావువారూ కలిసిపోయి మొత్తం సరిపోతుంది. అయితే ఆ సగటు ఈనాటి మనుషులదై ఉండాలి. అందుకే అప్పుడప్పుడు ప్రయాణికుల్ని నిజంగానే తూచి అంకెలు సవరిస్తుంటారు. 2023లో ఎయిర్ న్యూజీలాండ్ సంస్థ ఆక్లండ్ విమానాశ్రయంలో ఈ పని చేసింది.

సగటు తప్పితే ఏమవుతుంది? 2003 జనవరి 8న అమెరికాలోని షార్లట్ విమానాశ్రయం నుంచి 19 మంది ప్రయాణికులు, ఇద్దరు సిబ్బందితో ఒక చిన్న విమానం పైకి లేచింది. కాగితంమీద బరువు లెక్క సరిగానే ఉంది. నిజంగా ఉన్న బరువు అంతకంటే ఎక్కువ. పైగా అది తోకవైపు ఎక్కువగా పడింది. దానికితోడు విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తీగను మరమ్మతులో తప్పుగా బిగించారు. ముక్కు నిటారుగా పైకి లేచింది. దాన్ని కిందికి దించడం పైలట్ల వల్ల కాలేదు. విమానం పక్కనే కూలి 21 మందీ మరణించారు. ఆ తరువాత అమెరికాలో ప్రయాణికుల సగటు బరువు అంకెల్ని పెంచారు.

కనుక బరువు ఎంత అన్నదే కాక, ఎక్కడ ఉన్నది అన్నదీ ముఖ్యమే. ఒక అడుగు స్కేలును వేలిమీద నిలబెట్టి చూడండి. సరిగ్గా మధ్యన నిలుస్తుంది. ఆ బిందువే దాని గరిమనాభి. ఇప్పుడు స్కేలు ఒక కొనమీద చిన్న రబ్బరు ముక్క పెట్టండి. స్కేలు పడిపోతుంది. వేలిని రబ్బరు వైపు జరిపితేగాని నిలవదు. విమానానికి రెక్కలే ఈ వేలు. కాని రెక్కల్ని జరపలేం కదా! సామానునే ముందుకో వెనక్కో జరపాలి. 65 టన్నుల విమానంలో 500 కిలోల సామానును పది మీటర్లు వెనక్కి వేస్తే గరిమనాభి ఎంత జరుగుతుంది? 500ను 10తో గుణించి 65,000తో భాగించండి. సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. ఏ320 వంటి విమానంలో గరిమనాభి కదలడానికి ఉన్న మొత్తం హద్దు సుమారు ఒక మీటరే. మీ పెట్టె తూకం తెలియకపోతే ఈ లెక్క కుదరదు. సగం ఖాళీగా ఉన్న విమానంలో కూడా "ఇష్టమొచ్చిన సీటులో కూర్చోకండి" అని ఎందుకు అంటారో ఇప్పుడు తెలిసింది కదా.

ఇక మీ సంచీ సంగతి. 55, 35, 25ను గుణించండి. 48,125 ఘన సెంటీమీటర్లు, అంటే 48 లీటర్ల చోటు. అందులో 7 కిలోలే ఉండాలంటే సగటు సాంద్రత లీటరుకు 146 గ్రాములు మాత్రమే! పుస్తకాలు దీనికి ఐదారు రెట్లు సాంద్రమైనవి. సంచీ నిండా పుస్తకాలు పేరిస్తే 35 కిలోలు దాటుతుంది. అందుకే హాస్టలు నుంచి వచ్చే విద్యార్థికి బరువు దగ్గర చిక్కు, దుప్పట్లు తెచ్చే అమ్మమ్మకు కొలతల దగ్గర చిక్కు. ఇంకో మాట. చక్రాలు, పిడి ఉన్న పెట్టె ఖాళీగానే రెండు మూడు కిలోలు తూగుతుంది. ఏడు కిలోల్లో మూడు పెట్టెకే పోతే మీకు మిగిలేది నాలుగు! గుడ్డ సంచీ నయం. ఇంట్లో మనుషుల్ని తూచే యంత్రం ఉంటే సంచీతో ఒకసారి, సంచీ లేకుండా ఒకసారి ఎక్కి తీసివేత చేయండి. సంచీని యంత్రంమీద పెట్టి అంకె కనబడక వంగి చూడనక్కరలేదు.

కొన్ని నిబంధనలకు బరువుతో పని లేదు. ఫోనుకు ఛార్జి ఎక్కించే పవర్ బ్యాంకును పెద్ద పెట్టెలో వేయరాదు, చేతి సంచీలోనే ఉంచుకోవాలి. దానిలోని లిథియం అయాన్ ఘటం లోపల పొరలు దెబ్బతింటే తనంతట తాను వేడెక్కి మండుతుంది. మనుషుల మధ్య ఉంటే పొగ వెంటనే కనబడుతుంది, ఆర్పవచ్చు. అడుగు భాగంలో పెట్టెల కింద ఉంటే ఎవరికి తెలుస్తుంది? 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గింహే విమానాశ్రయంలో బయలుదేరబోతున్న విమానం పైఅరలో మంట లేచి పైకప్పు కాలిపోయింది. అది పవర్ బ్యాంకు నుంచే మొదలై ఉంటుందని దర్యాప్తు చేసినవారు భావించారు. అదృష్టవశాత్తు విమానం ఇంకా నేలమీదే ఉంది, అందరూ బయటపడ్డారు.

పవర్ బ్యాంకుకు 100 వాట్-గంటలు హద్దు. 160 వరకు సంస్థ అనుమతి కావాలి. దానిమీద 20,000 మిల్లీ ఆంపియర్-గంటలు, 3.7 వోల్టులు అని ఉంటే 20ని 3.7తో గుణించండి. 74 వాట్-గంటలు. పరవాలేదు. కాని ఆ 74 తక్కువేమీ కాదు. ముప్పావు లీటరు చన్నీళ్లను మరగబెట్టగల శక్తి!

ఎండు కొబ్బరి ఏం పాపం చేసింది అని మన వాళ్లు అడుగుతుంటారు. దానిలో 60 శాతానికి పైగా నూనె ఉంటుంది. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తూ వేడిని విడుదల చేస్తుంది. కుప్పగా ఉన్నచోట వేడి బయటికి పోలేక పేరుకుంటుంది. అందుకే స్వయంగా వేడెక్కే సరుకుల జాబితాలో దాన్ని చేర్చారు.

చివరగా ఊరగాయ. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున పోతున్నా లోపలి గాలి పీడనాన్ని సుమారు 2,400 మీటర్ల కొండమీద ఉండేంతగా నిలుపుతారు. నేలమీది పీడనంలో అది ముప్పాతిక వంతు. సామానుండే అరలోనూ అంతే. ఇంట్లో బిగించిన సీసాలోని గాలి మాత్రం నేల పీడనంతోనే ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు పావుకిలో చొప్పున లోపలి నుంచి నెడుతుంది. ఆరు సెంటీమీటర్ల వ్యాసమున్న మూత వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. అంటే మూతను ఏడు కిలోల బరువంత బలం పైకి తోస్తుంది! నూనె కారిందంటే ఆశ్చర్యమేముంది? సీసాలో ఖాళీ ఎంత తక్కువ ఉంచితే, వ్యాకోచించే గాలి అంత తక్కువ, బయటికి వచ్చే నూనే అంత తక్కువ.

మీరెప్పుడైనా విమానమెక్కితే ఈ పీడనాన్ని మీరే కొలవవచ్చు. ఖాళీ లీటరు ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకువెళ్లండి. విమానం బాగా పైకి వెళ్లాక మూత తీసి, మళ్లీ గట్టిగా బిగించండి. దిగేసరికి సీసా నలిగి ఉంటుంది. ఇంటికి వచ్చి దాన్ని బకెట్టు నీళ్లలో తలకిందులుగా ముంచి, నీళ్లలోనే మూత తీయండి. నీరు లోపలికి ఎగబాకుతుంది. లోపలి మట్టం, బయటి మట్టం సమానంగా ఉండేట్టు పట్టుకుని మూత బిగించి, లోపలికి వచ్చిన నీటిని కొలవండి. లీటరు సీసాలో సుమారు 250 మిల్లీలీటర్లు వచ్చిందంటే విమానంలో పీడనం ముప్పాతిక వంతు ఉందన్నమాట. ఎందువల్లనో బాయిల్ నియమం సాయంతో మీరే రాబట్టండి.